ఒకే నమూనా, రెండు చేతులు

పనామా అడవి అంచుల్లో తిరిగే ఎరాటో సీతాకోకచిలుక రెక్కను భూతద్దం కింద పెడితే ముందుగా కంటికి ఆనేది నలుపు. పడిన వెలుగును తిరిగి పంపకుండా మింగేసే నలుపు. దాని మీద ముందు రెక్కకు అడ్డంగా ఒక ఎర్ర పట్టీ, వెనక రెక్క మీద సన్నగా పసుపు చార. సరుకంతా అంతే. మూడు రంగులు, రెండు గుర్తులు. రెక్కలు బాగా చాచినా ఆరేడు సెంటీమీటర్లకు మించదు. ఇంతకంటే ఆర్భాటంగా ఉండే సీతాకోకచిలుకలు ప్రపంచంలో వందలున్నాయి. అయినా నూట అరవై ఏళ్లుగా జీవశాస్త్రవేత్తలు దీన్ని వదలడం లేదంటే ఆ రెండు గుర్తుల పనితనం అలాంటిది.

భూతద్దాన్ని ఎర్ర పట్టీ అంచుకు జరపండి. పొలుసులు వరసలు వరసలుగా ఒకదాని మీదొకటి కప్పుకుని ఉంటాయి. ఒక్కోటి మిల్లీమీటరులో పదో వంతు పొడవు. ప్రతి పొలుసూ ఒకే ఒక్క కణం చేసిన పని, ప్రతి పొలుసుకూ ఒకే రంగు. ఎరుపు మెల్లగా నలుపులోకి కరిగే చోటంటూ లేదు. ఇది ఎరుపు, పక్కది నలుపు. దూరం నుంచి తీర్చి గీసినట్టున్న అంచు ఇంత దగ్గరగా చూస్తే కాస్త గరుకుగానే ఉంటుంది, ఒక పొలుసు అటు, ఒక పొలుసు ఇటు. అడవిలో పక్షి చూసే దూరానికి ఆ నునుపు చాలు, అంతకు మించి చెక్కలేదు.

ఇప్పుడు దీని పక్కన అదే అడవిలోని మెల్పొమీనిని పెట్టండి. అదే నలుపు, అదే చోట అదే ఎర్ర పట్టీ, అదే పసుపు చార. అలవాటు లేని కన్నుకు రెండూ ఒకటే. నిజానికి ఇవి రెండు వేర్వేరు జాతులు. రెండూ హెలికోనియస్ అనే ప్రజాతిలోవే అయినా వీటి దారులు విడిపోయి దాదాపు కోటి సంవత్సరాలైంది. ఒకదానితో ఒకటి జతకట్టవు. పెళ్లి మర్యాదలు కూడా వేరు. ఎరాటో మగది ఆడదాని ప్యూపాను ముందే కనిపెట్టి దాని మీదే కాపలా కూర్చుంటుంది, అది బయటపడుతుండగానే జతకడుతుంది. మెల్పొమీనికి ఆ తొందర లేదు, ఎగిరే ఆడదాన్నే వెతుక్కుంటుంది. 1758లో లిన్నేయస్ రెండింటికీ గ్రీకు కళాదేవతల పేర్లు పెట్టాడు. ఎరాటో శృంగార కవిత్వానికి, మెల్పొమీని విషాద నాటకానికి అధిదేవతలు.

రెండు జాతులు ఒకేలా ఉండటం ప్రకృతిలో అరుదేమీ కాదు. అసలు విడ్డూరం పనామా దాటాక మొదలవుతుంది.

దక్షిణంగా దిగి ఈక్వడార్ పడమటి అడవుల్లోకి వెళ్తే ఎరాటో వేషం మార్చుకుని ఉంటుంది. ఒళ్లంతా మెరిసే నీలం, వెనక రెక్కకు తెల్లటి అంచు, ఎర్ర పట్టీ మాత్రం అలాగే. దీన్ని సైర్బియా అంటారు. అక్కడి మెల్పొమీనిని చూడండి, దాని పేరు సిథేరా: నీలం, తెల్ల అంచు, ఎర్ర పట్టీ. ఆండీస్ పర్వతాలు దాటి తూర్పు వాలులో పాస్తాసా లోయకు దిగితే నీలం లేదు, వెనక రెక్క మీద ఏ గుర్తూ లేదు. ముందు రెక్క మీద పట్టీ రెండు మచ్చలుగా చీలి, ఎరుపూ తెలుపూ కలిసి కనిపిస్తుంది. ఎరాటోలో అది నొటాబిలిస్, మెల్పొమీనిలో ప్లెస్సెని. రెంటికీ మచ్చలు అక్కడే, అంతే. ఇంకా కిందికి, అమెజాన్ మైదానంలోకి వెళ్తే లెక్క మొత్తం తిరగబడుతుంది. ఎర్ర పట్టీ ఉండాల్సిన చోట పసుపు, ముందు రెక్క మొదట్లో నారింజ ఎరుపు మచ్చ, వెనక రెక్క మీద విసనకర్రలా విచ్చుకున్న ఎర్ర చారలు. రెండు జాతులూ అదే వేషంలో ఉంటాయి. అట్లాంటిక్ వైపు ట్రినిడాడ్‌లో పసుపు చార ఊసే లేదు, నలుపు మీద ఎర్ర పట్టీ ఒక్కటే. వేల కిలోమీటర్లు తిరిగి బ్రెజిల్ ఆగ్నేయ మూలకు చేరితే మళ్లీ ఎర్ర పట్టీ, పసుపు చార ప్రత్యక్షం, కాస్త తేడాతో పనామా నమూనాయే.

ఇలా ఒక్కో జాతిలో ఇరవైకి పైగా ప్రాంతీయ రకాలున్నాయి. ఎరాటో ఎక్కడ కోక మార్చితే మెల్పొమీని అక్కడ మార్చింది. ఒకరిని ఒకరు చూసి నేర్చుకునే బుద్ధి వీటికి లేదు. మరి ఇంత నిక్కచ్చిగా నకలు తీయించినదెవరు?

ఈ ప్రశ్నను మొదట గట్టిగా పట్టుకున్నవాడు హెన్రీ వాల్టర్ బేట్స్. 1848లో ఆల్ఫ్రెడ్ రసెల్ వాలెస్‌తో కలిసి అమెజాన్ నది మొగలో దిగాడు. వాలెస్ నాలుగేళ్లకు వెళ్లిపోయినా బేట్స్ పదకొండేళ్లు అక్కడే ఉండి పురుగులు పట్టాడు. నది పొడవునా పోతూ, ఈ రెక్కలు ఊరు మారితే మారడం, కొన్ని చోట్ల రెండు రకాలకూ మధ్యస్థంగా ఉన్నవి దొరకడం గమనించాడు. డార్విన్ పుస్తకం వచ్చిన మూడేళ్లకు, 1862లో, తన పరిశోధన పత్రాన్ని అచ్చు వేశాడు. విషం లేని సీతాకోకచిలుకలు విషమున్న వాటి వేషం వేసి పక్షుల నుంచి తప్పించుకుంటాయన్నది అందులోని ముఖ్య వాదన. మన పెరట్లోనే దీనికి సాక్ష్యం ఉంది. కరివేపాకు చెట్టు మీద పెరిగే కామన్ మార్మన్ ఆడ సీతాకోకచిలుకల్లో కొన్ని, పక్షులు ముట్టని కామన్ రోజ్, క్రిమ్‌సన్ రోజ్ రంగుల్లో తిరుగుతాయి. దొంగ వేషం.

కానీ ఎరాటో, మెల్పొమీని దొంగలు కావు. రెండూ నిజంగానే విషపువి. రెండింటి పిల్లలూ తినేది రాఖీ పువ్వు తీగల జాతి ఆకులు. ఆ ఆకుల్లో సయనైడ్ వదిలే పదార్థాలుంటాయి. ఈ పురుగులు వాటిని ఒంట్లో దాచుకోవడమే కాదు, సొంతంగానూ తయారు చేసుకుంటాయి. (అదే అమెరికా నుంచి వచ్చి మన కంచెల మీద అల్లుకుపోయిన తెల్లజుమికి తీగ కూడా ఆ కుటుంబమే. వల లాంటి తొడుగులో పసుపు పండు కాస్తుందే, అది. దాని ఆకు తిని పెరిగే మన టానీ కోస్టర్ సీతాకోకచిలుక హెలికోనియస్‌కు దూరపు చుట్టం. పక్షిని చూసినా కంగారు పడకుండా తాపీగా ఎగరడంలో ఆ చుట్టరికం తెలుస్తుంది.)

రెండూ విషపువే అయితే ఒకదాని వేషం ఇంకొకటి వేయడమెందుకు? 1879లో, బ్రెజిల్‌లో స్థిరపడిన జర్మన్ ఫ్రిట్జ్ ముల్లర్ జవాబు చెప్పాడు. జవాబు లెక్క రూపంలో ఉంది. ఆ లెక్కను నా అంకెలతో చెబుతాను. ఒక అడవిలో పక్షి పిల్లలన్నీ కలిసి ఒక రంగు చేదని నేర్చుకునేలోగా వంద సీతాకోకచిలుకల్ని చంపుతాయనుకుందాం. ఒక జాతివి వెయ్యి, ఇంకో జాతివి రెండు వందలు ఉన్నాయి. రంగులు వేరైతే చెరొక వంద పోతాయి. రంగు ఒకటే అయితే రెండూ కలిసి వందే పోగొట్టుకుంటాయి. అందులో పెద్ద జాతి వాటా ఎనభై మూడు, చిన్న జాతి వాటా పదిహేడు. పెద్దదానికి కలిసొచ్చింది వెయ్యిలో పదిహేడు ప్రాణాలు. చిన్నదానికి కలిసొచ్చింది రెండు వందల్లో ఎనభై మూడు. తక్కువగా ఉన్న జాతికి వేషం మార్చుకోవాలన్న ఒత్తిడి ఎందుకంత ఎక్కువో ఇందులోనే ఉంది. చాలా చోట్ల ఎరాటోయే ఎక్కువగా కనిపిస్తుంది. అందుకే ఎరాటో దారి తీసింది, మెల్పొమీని వెంట నడిచింది అని చాలామంది అనుకుంటారు. ఆ వాదం పూర్తిగా తేలలేదు.

కాబట్టి నకలు తీయించినది పక్షి. కొంచెం తేడా ఉన్నదాన్ని రుచి చూసి చంపుతుంది, తేడా లేనిదాన్ని వదిలేస్తుంది. దీన్ని మాటతో వదిలేయకుండా అడవిలో పరీక్షించినవాళ్లున్నారు. వుడ్రఫ్ బెన్సన్ కోస్టారికాలో ఎరాటోలను పట్టి కొన్నిటి ఎర్ర పట్టీ మీద నల్ల రంగు పూసి వదిలాడు. మరికొన్నిటికి అదే రంగును నల్లగా ఉన్న చోటే పూశాడు. పని ఒకటే, బరువు ఒకటే, వేషం మాత్రం చెడలేదు. పట్టీ పోయినవి తక్కువ కాలం బతికాయి, వాటి రెక్కల మీద పక్షి ముక్కు గాట్లు ఎక్కువ. 1972లో వచ్చిన ఈ పత్రంలో నాకు నచ్చేది ఆ రెండో గుంపు. రంగు పూయడమే హాని చేసిందేమో అన్న అనుమానానికి ముందే తలుపు వేసేశాడు.

పెరూలో తారపోతో ఊరి చుట్టూ ఎర్ర పట్టీ, పసుపు చార రకం ఉంటుంది. కొండలు దాటి యూరిమాగ్వాస్ వైపు దిగితే అమెజాన్ చారల రకం. రెంటి మధ్యా సుమారు పది కిలోమీటర్ల వెడల్పున కలగాపులగం మేళవింపులు ఎగురుతుంటాయి. ఇక్కడ జేమ్స్ మాలెట్ సీతాకోకచిలుకల్ని అటువి ఇటు, ఇటువి అటు మార్చి, రెక్క మీద నంబరు వేసి వదిలి, మళ్లీ ఎన్ని కనిపిస్తాయో లెక్కపెట్టాడు. నిక్ బార్టన్‌తో కలిసి 1989లో అచ్చు వేసిన ఫలితం ప్రకారం పరాయి వేషంలో ఉన్నవాటికి బతికే అవకాశం దాదాపు సగం తగ్గింది. పరిణామం మెల్లమెల్లగా నడుస్తుందని బడిలో చదువుకున్నాం. ఒక కొండ దాటితే ప్రాణంలో సగం పోవడం మెల్లమెల్ల వ్యవహారం కాదు.

పక్షి నేర్చుకున్న పాఠం పనికి రావాలంటే సీతాకోకచిలుక కూడా ఎక్కువ రోజులు బతకాలి, చూసిన చోటే మళ్లీ కనిపించాలి. హెలికోనియస్‌లు ఈ రెండూ చేస్తాయి. మామూలు సీతాకోకచిలుకలు తేనె తాగి కొద్ది వారాలు బతికితే, ఇవి పుప్పొడి తింటాయి. నోటి గొట్టం మీద పుప్పొడి ముద్దను మోస్తూ, ఉమ్మితో తడిపి గంటల తరబడి అటూ ఇటూ నలుపుతాయి. అందులోంచి ఊరిన అమైనో ఆమ్లాలు పీల్చుకుంటాయి. లారెన్స్ గిల్బర్ట్ 1972లో దీన్ని వివరించాడు. ఆ తిండి బలంతో ఆరు నెలల దాకా బతకగలవు. రోజూ ఒకే దారిలో అవే పూల దగ్గరకు వెళ్తాయి, రాత్రి అదే కొమ్మకు గుంపుగా వేలాడతాయి. తీగలూ ఊరుకోలేదు. ఈ సీతాకోకచిలుక ఇప్పటికే గుడ్డున్న చోట గుడ్డు పెట్టదు, ముందు పుట్టిన పిల్ల తరువాతి దాన్ని తినేస్తుంది కనుక. కొన్ని రాఖీ పువ్వు తీగలు ఆకుల మీద పసుపు గుడ్డులాంటి బుడిపెలు తామే మొలిపించుకుని దాన్ని వెనక్కి పంపిస్తాయి. రెక్క సంగతే తప్పి ఎటో వెళ్లాం కానీ, నకలు కళలో ఈ తీగలకూ చోటివ్వకపోతే అన్యాయం.

తిరిగి రెక్క దగ్గరకు. పనివాళ్ల చేతిలో ఉన్న సరుకు చాలా తక్కువ. నలుపు మన జుట్టులో ఉండే మెలనినే. పసుపు ఒక అమైనో ఆమ్లం విరిగితే వచ్చే పదార్థం. ఎరుపుకు ముడిసరుకు ఆ పసుపు పదార్థమే, దాన్నే ఇంకో మెట్టు నడిపిస్తే ఎర్ర రంగు అవుతుంది. కీటకాల కళ్లలో ఉండే రంగు కూడా ఆ కుటుంబానిదే. అంటే కంటి కోసం ఉన్న సరుకును రెక్కకు వాడుకున్నాయి. ఆ ఎరుపు కలకాలం నిలవదు, పాత నమూనాల్లో గోధుమ రంగుకు తిరుగుతుంది.

ఏ పొలుసుకు ఏ రంగన్నది రంగు పడకముందే తీరిపోతుంది. పోచంపల్లి, పుట్టపాక నేతగాళ్లు నూలుకు ముందే కట్లు కట్టి రంగులద్దుతారు, మగ్గమెక్కే సరికే బొమ్మ నూలులో ఉంటుంది. ఇక్కడా అంతే. గొంగళిపురుగు చివరి రోజుల్లో, ప్యూపా మొదటి రోజుల్లో, ఇంకా రంగే లేని పల్చటి రెక్క మొగ్గ మీద హద్దులు పడిపోతాయి. రంగులు ప్యూపా చివరి రెండు మూడు రోజుల్లోనే తేలతాయి. హద్దులు వేసే పనిలో ముఖ్యమైన జన్యువు వింట్-ఏ, దీన్ని 2012లో గుర్తించారు. ఈ కణం ఎరుపు చేయాలి అని చెప్పేది ఆప్టిక్స్ అనే జన్యువు, అది 2011లో దొరికింది. పరిశోధకులు ఎరాటోలో ఆప్టిక్స్‌ను కత్తిరించి తీసేస్తే ఎర్ర పట్టీ ఉండాల్సిన చోట నలుపు వచ్చింది. పసుపు, నలుపుల మధ్య పంపకం చేసేది కార్టెక్స్ అని 2016లో అనుకున్నారు. 2024లో తేలిందేమంటే అసలు పని దాని పక్కనే ఉన్న ఐవరీ అనే, ఏ ప్రోటీనూ తయారు చేయని ఆర్‌ఎన్‌ఏది.

ఇరవై పైచిలుకు వేషాలకు ఈ గుప్పెడు జన్యువులే సూత్రధారులు. ఎర్రటి వాటి తేడాలన్నీ ఆప్టిక్స్ చుట్టూ ఉన్న డీఎన్‌ఏలోనే ఉన్నాయి. జన్యువు మారదు, దాన్ని రెక్క మీద ఎక్కడ మేల్కొలపాలో చెప్పే తునకలు మారతాయి. ముందు రెక్క మొదట్లోని ఎర్ర మచ్చకు ఒక తునక, వెనక రెక్క చారలకు మరొకటి. రెంటినీ విడిగా తీసి విడిగా అతకవచ్చు. మెల్పొమీని తన దగ్గరి బంధువులైన టిమరేటా, ఎలివేటస్ జాతులతో అప్పుడప్పుడు కలిసి ఈ తునకలను ఇచ్చిపుచ్చుకుంది. 2012లో మెల్పొమీని జన్యుపటం వెలువడినప్పుడు బయటపడిన సంగతి ఇది. టిమరేటా తన వేషాన్ని కొత్తగా కనిపెట్టుకోలేదు, బంధువు దగ్గర తెచ్చుకుంది. ఎరాటోకు మాత్రం ఆ అవకాశం లేదు. దానికి మెల్పొమీని దూరం. ఆ నమూనాను తన చేత్తో తాను గీసుకోవాల్సిందే.

రెండు చేతులని ఎలా తెలుస్తుందంటే, అమెజాన్ చారల రకాన్ని పక్కపక్కన పెట్టి వెనక రెక్క చూడండి. మెల్పొమీని చారలు మొదట్లో మేకు తలలా కాస్త వెడల్పై తరువాత సన్నబడతాయి. ఎరాటో చారలకు ఆ తల లేదు, రెక్క మధ్య గది నుంచి తిన్నగా పొడుచుకొస్తాయి. ఎగురుతున్నప్పుడు తేడా తెలియదు. పెట్టెలో పెట్టాక ఒకసారి చూస్తే ఇక ఎన్నడూ పొరబడం. దీనికంటే లోతైన సాక్ష్యం 2019లో వచ్చింది. ఒకేలా కనిపించే జంటల్లో రెండు జాతులకూ వింట్-ఏ జన్యువును తీసేసి చూశారు. పైకి నకళ్లైన రెక్కలు అప్పుడు ఒకదానికొకటి పోలిక లేకుండా తయారయ్యాయి. అదే పనిముట్టు, అదే బొమ్మ. పనిముట్టు లాగేసుకుంటే గానీ ఇద్దరూ దాన్ని వేరువేరుగా పట్టుకున్నారని తెలియలేదు.

ఇక ఈక్వడార్ నీలం. ఇక్కడ మాత్రం నకలు కాస్త తేలిపోయింది. ఆ నీలంలో నీలి రంగు పదార్థమేమీ లేదు. నల్ల పొలుసుల మీద నిలువునా గట్లుంటాయి, ఆ గట్లలో సన్నటి పొరలుంటాయి, వాటి మధ్య వెలుగు తిరగబడి నీలంగా కనిపిస్తుంది. సైర్బియా గట్లు దగ్గరదగ్గరగా ఉంటాయి, మెరుపు పదునుగా ఉంటుంది. సిథేరా గట్లు ఎడంగా ఉంటాయి, నీలం మసకగా ఉంటుంది. పట్టీల కోసం రెండు జాతులూ అవే జన్యువులను వాడుకుంటే, మెరుపు దగ్గర ఎవరి దారి వారిది. ఎరాటోలో దాని మీద ఎక్కువ పట్టు లింగ క్రోమోజోముది, మెల్పొమీనిలో మూడో క్రోమోజోముది. ఎర్ర పట్టీ ఒక సరిహద్దు దాటగానే ఉన్నపళంగా మాయమవుతుంది. నీలం అలా పోదు. ఈక్వడార్ నుంచి కొలంబియా మీదుగా ఉత్తరానికి వెళ్తున్న కొద్దీ రెండు జాతుల్లోనూ మెరుపు తరుగుతూ పోతుంది, ఎందుకంటే దాన్ని ఒక్క దెబ్బతో తీసేయగల ఆప్టిక్స్ లాంటి మీట అక్కడ లేదు.